మాస్టరింగ్‌లో పాట లౌడ్‌నెస్‌ను నిర్ణయించడం ఎలా?

మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డయిన గొంతునూ వాయిద్యాలనూ కలపడం, పూర్తయిన పాటను శ్రోతలకు పంపే ముందు చేసే ఆఖరి పని మాస్టరింగ్. ఆ పనిలో కొత్తవారినే కాదు, ఏళ్ల తరబడి చేస్తున్నవారిని కూడా తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది: పాట ఎంత బిగ్గరగా ఉండాలి? పాట చెవికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందో, అంటే దాని లౌడ్‌నెస్‌ను, కొలిచే ప్రమాణం ఎల్‌యూఎఫ్‌ఎస్. మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే అంకె ఎక్కడ చూసినా కనిపిస్తుంది కాబట్టి కొందరు పాటను అక్కడికి చేర్చి పని అయిపోయిందనుకుంటారు. మరికొందరు పక్క పాటకన్నా తమ పాట ఒక్క డెసిబెల్ కూడా తగ్గకూడదన్న పట్టుదలతో, డ్రమ్స్ దెబ్బలన్నీ చదునైపోయేదాకా, శబ్దపు శిఖరాలను ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌ను నొక్కుతూ పోతారు. ఈ రెండు దారుల్లోనూ పాటను వినడం అనేది వెనక్కి పోతుంది. ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఒకే నియమం మీద నిలబడి ఉంది: ఏ మార్పు చేసినా, మార్పుకు ముందున్న శబ్దాన్నీ తర్వాతి శబ్దాన్నీ సమానమైన లౌడ్‌నెస్ దగ్గర పెట్టి పోల్చిన తర్వాతే అది మేలో కీడో తేల్చుకోవాలి.

పీక్ వేరు, లౌడ్‌నెస్ వేరు

డిజిటల్ ఫైల్‌లో శబ్దం చేరగలిగిన గరిష్ఠ ఎత్తు సున్నా డెసిబెల్స్ ఫుల్ స్కేల్. అందుకే మిగతా అంకెలన్నీ మైనస్‌లో ఉంటాయి, సున్నాకు ఎంత దగ్గరైతే అంత ఎక్కువ. పీక్ మీటర్ ఆ ఎత్తుకు మీరు ఎంత దగ్గరగా వెళ్లారో చెబుతుంది, అంతే. ఒక చప్పట, నిలిపి పట్టిన ఆర్గన్ స్వరం రెండూ ఒకే పీక్‌ను చూపించవచ్చు, కానీ చెవికి ఆర్గన్ చాలా బిగ్గరగా వినిపిస్తుంది. చెవి క్షణకాలపు ఎత్తును కాకుండా కొంత సేపటి శక్తిని లెక్కలోకి తీసుకోవడమే దీనికి కారణం. పైగా అన్ని ఫ్రీక్వెన్సీలనూ చెవి సమానంగా వినదు. బేస్ శబ్దాలు తక్కువగా, రెండు నుంచి ఐదు కిలోహెర్ట్జ్ మధ్య శబ్దాలు ఎక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్‌లు 1933లోనే గ్రాఫులు గీసి చూపించారు.

ఈ రెండు విషయాలనూ లెక్కలోకి తీసుకుని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో బీఎస్ 1770 అనే కొలత పద్ధతిని ప్రకటించింది. ఎల్‌యూఎఫ్‌ఎస్ అంకె అక్కడి నుంచి వచ్చిందే. ఈ పద్ధతిలో ముందుగా శబ్దాన్ని కె-వెయిటింగ్ అనే ఫిల్టర్ గుండా పంపుతారు. అది బాగా కింది బేస్‌ను తగ్గించి, పై ఫ్రీక్వెన్సీలను సుమారు నాలుగు డెసిబెల్స్ పెంచుతుంది. ఆ తర్వాత శక్తి సగటును లెక్కిస్తారు. మీటర్‌లో మీకు మూడు అంకెలు కనిపిస్తాయి: 400 మిల్లీసెకన్ల సగటు మొమెంటరీ, 3 సెకన్ల సగటు షార్ట్ టర్మ్, పాట మొత్తానికి ఇంటిగ్రేటెడ్. మాస్టరింగ్‌లో నాకు అన్నిటికన్నా ఉపయోగపడేది షార్ట్ టర్మ్. ఇంటిగ్రేటెడ్ అంకె పాట మొత్తం గురించి ఒకే మాట చెబుతుంది. పల్లవి చరణం కన్నా ఎంత పైకి లేచిందో, చివరి భాగం ఎక్కడ కూలిపోయిందో షార్ట్ టర్మ్ చెబుతుంది.

మొదటి పని: వాల్యూమ్ నాబ్‌ను ఒక చోట నిలపండి

మీ స్పీకర్ల వాల్యూమ్ రోజుకో చోట ఉంటే మీ తీర్పు కూడా రోజుకో విధంగా ఉంటుంది. మైనస్ 20 డెసిబెల్స్ ఆర్‌ఎమ్‌ఎస్ (సగటు) స్థాయిలో ఉన్న పింక్ నాయిస్ ఫైల్‌ను, అంటే అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరును, ఒక్కో స్పీకర్ నుంచి విడివిడిగా వినిపిస్తూ, మీరు కూర్చునే చోట సౌండ్ లెవెల్ మీటర్‌ను సి-వెయిటింగ్, స్లో సెట్టింగ్‌లో ఉంచి కొలవండి. సినిమా మిక్సింగ్ థియేటర్లలో వాడుకలో ఉన్న స్థాయి 83 నుంచి 85 డెసిబెల్స్. చిన్న గదిలో అది మరీ ఎక్కువవుతుంది కాబట్టి 73 నుంచి 76 మధ్య పెట్టుకోవడం మంచిది. రెండు స్పీకర్లూ ఒకే అంకెను చూపించాక నాబ్ పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి. మీ దగ్గరున్న మీటర్ ప్రయోగశాల నాణ్యతది కాకపోయినా ఫర్వాలేదు, ప్రతిసారీ అదే చోటికి తిరిగి రాగలగడమే ఇక్కడ ముఖ్యం.

ఇలా నాబ్‌ను కట్టిపెట్టినందుకు దక్కే ఫలితం పెద్దది. కొన్ని వారాలకు మీ చెవులే మీటర్ అవుతాయి. గుర్తు దగ్గర నాబ్ ఉంచి వింటున్నప్పుడు పల్లవి రాగానే చెయ్యి తనంతట తాను వాల్యూమ్ తగ్గించడానికి వెళ్లిందంటే, స్క్రీన్ మీద ఏ అంకె ఉన్నా, ఆ పాట అవసరానికి మించి నొక్కబడిందని అర్థం చేసుకోవచ్చు. విన్నంతసేపూ ఒకే స్థాయిలో వినమని కాదు. మధ్యమధ్యలో చాలా తక్కువ వాల్యూమ్‌లో కూడా వినాలి, కానీ నిర్ణయం తీసుకునేటప్పుడు గుర్తు దగ్గరికి రావాలి.

మిక్స్ ఎలా అందుకోవాలి

మిక్స్‌ను 24 బిట్ లేదా 32 బిట్ ఫ్లోట్ ఫైల్‌గా, పాట రికార్డయిన శాంప్లింగ్ రేట్‌లోనే తీసుకోండి. పీక్ మైనస్ 6 దగ్గరే ఉండాలన్న నియమమేమీ లేదు, సున్నాను తాకకుండా ఉంటే చాలు. ట్రాక్‌లన్నీ కలిసే మిక్స్ బస్ మీద లౌడ్‌నెస్ కోసమే పెట్టిన లిమిటర్ ఉంటే దాన్ని తీసేసి ఫైల్ ఇమ్మని అడగండి. అయితే మిక్స్ చేసినవారు ఆ లిమిటర్ గుండానే విని పాటను తీర్చిదిద్ది ఉంటే, లిమిటర్ ఉన్న ఫైల్‌ను కూడా తెప్పించుకుని పక్కన పెట్టుకోండి. పాట పాడినవారూ నిర్మించినవారూ ఇన్నాళ్లుగా విని ఇష్టపడింది ఆ శబ్దాన్నే కనుక, మీరు ఎటు వెళ్లాలో అది చూపిస్తుంది.

రెండో పని: రిఫరెన్స్ పాటలను సమం చేయండి

మీ పాట స్వభావానికి దగ్గరగా ఉన్న రెండు మూడు పాటలను ఎంచుకుని మీ సెషన్‌లోకి తెచ్చుకోండి. విడుదలైన పాట సహజంగానే మీ మిక్స్ కన్నా ఐదారు డెసిబెల్స్ బిగ్గరగా ఉంటుంది. దాన్ని అలాగే వింటే మీ మిక్స్ మందంగా, వెలితిగా అనిపిస్తుంది. అందుకని రిఫరెన్స్ పాట పల్లవి దగ్గర షార్ట్ టర్మ్ అంకెను చూసి, అది మీ మిక్స్ పల్లవితో సమానమయ్యేదాకా రిఫరెన్స్ వాల్యూమ్‌ను తగ్గించండి. మీ పాటను పెంచకండి. మీటర్‌తో సమం చేశాక చెవితో కూడా సరిచూసుకోండి. గొంతు రెండింటిలోనూ ఒకే దూరం నుంచి వినిపిస్తున్నట్టు అనిపిస్తే సరిపోయినట్టే.

ఈ పనిలో సగం డెసిబెల్ తేడా కూడా లెక్కలోకి వస్తుంది. అంత చిన్న తేడాను చెవి 'ఎక్కువ వాల్యూమ్' అని గుర్తించదు, 'మంచి శబ్దం' అని పొరబడుతుంది. ఇది నాకు స్వయంగా తెలిసి వచ్చిన విషయం. ఒక రాత్రి ఒక పాటలో గొంతు వెనక్కి ఉందనిపించి, ఫ్రీక్వెన్సీలను పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో మూడు కిలోహెర్ట్జ్ దగ్గర కొద్దిగా పెంచాను. ప్రతిసారీ ఆన్, ఆఫ్ చేసి చూస్తే ఆన్‌లో ఉన్నప్పుడే గొంతు స్పష్టంగా ఉంది. మర్నాడు ఉదయం లెవెల్స్ చూస్తే ఆ ఈక్వలైజర్ అవుట్‌పుట్ ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువగా ఉంది. దాన్ని తగ్గించి మళ్లీ పోల్చి వింటే, నేను మెరుగుపరిచాననుకున్న గొంతు గరుకుగా, ముక్కుతో పాడినట్టుగా ఉంది. ఆ మార్పును పూర్తిగా తీసేశాను. అప్పటి నుంచి నా సెషన్‌లో ప్రతి ప్లగిన్ తర్వాత అవుట్‌పుట్ సమం చేయనిదే తర్వాతి ప్లగిన్ తెరవను. మీరూ ఈ అలవాటు చేసుకోవాలని గట్టిగా కోరుతున్నాను. ఈ వ్యాసంలో ఒక్క విషయమే పాటించగలిగితే ఇదే పాటించండి.

మూడో పని: లిమిటర్‌కు ముందే లౌడ్‌నెస్‌కు చోటు చేయండి

పాట బిగ్గరగా రావడం లేదంటే చాలాసార్లు కారణం లిమిటర్‌లో ఉండదు, కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. బేస్ శబ్దాలు తరంగంలో ఎక్కువ ఎత్తును ఆక్రమిస్తాయి, కానీ చెవికీ మీటర్‌కూ వాటి వల్ల కలిసొచ్చే లౌడ్‌నెస్ తక్కువ. 25 లేదా 30 హెర్ట్జ్ కింద సంగీతానికి పనికిరాని గుడగుడ ఏదైనా ఉందేమో చూసి, ఉంటే, కింది ఫ్రీక్వెన్సీలను మాత్రమే కోసే మృదువైన హై పాస్ ఫిల్టర్‌తో తొలగించండి. లేకపోతే ఫిల్టర్ జోలికి వెళ్లకండి, ఎందుకంటే ఫిల్టర్ ఫేజ్‌ను, అంటే తరంగాల సమయపు అమరికను, మార్చి కొన్నిసార్లు పీక్‌ను తగ్గించడానికి బదులు పెంచుతుంది. కిక్, బేస్ గిటార్ ఒకే ఫ్రీక్వెన్సీలో కొట్టుకుంటుంటే దాన్ని మాస్టరింగ్‌లో సగం మాత్రమే సరిచేయగలం. మిక్స్‌కు తిరిగి వెళ్లే వీలుంటే అక్కడే సరిచేయించండి.

తర్వాత మధ్య ఫ్రీక్వెన్సీలను గమనించండి. గొంతు, గిటార్, కీబోర్డ్ ఉండే ఆ ప్రాంతం పలచగా ఉన్న పాటను ఎంత నొక్కినా బిగ్గరగా అనిపించదు. అక్కడ వెడల్పైన ఫ్రీక్వెన్సీ పట్టీలో అర డెసిబెల్ పెంచితే లిమిటర్‌తో రెండు డెసిబెల్స్ నొక్కినదాని కన్నా మేలైన ఫలితం వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. అవసరమైతే బిగ్గర భాగాలను తగ్గించే కంప్రెసర్‌ను ఒకటిన్నరకు ఒకటి లేదా రెండుకు ఒకటి నిష్పత్తిలో పెట్టి, ఒకటి రెండు డెసిబెల్స్ మించకుండా తగ్గనివ్వండి. అటాక్‌ను, అంటే కంప్రెసర్ పని మొదలుపెట్టడానికి తీసుకునే సమయాన్ని, 30 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెడితే డ్రమ్ దెబ్బ మొదటి అంచు చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. చరణానికీ పల్లవికీ మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే కంప్రెసర్‌ను మరింత బిగించకుండా, చరణం వాల్యూమ్‌ను ఆటోమేషన్‌తో ఒక డెసిబెల్ పెంచండి. యంత్రం సెకనులో వందో వంతులో తీసుకునే నిర్ణయం కన్నా పాటను ఎరిగిన మనిషి గీసిన గీత మేలు.

నాలుగో పని: లిమిటర్

ముందుగా పాటలో అన్నిటికన్నా బిగ్గరగా ఉండే ఇరవై ముప్పై సెకన్ల భాగాన్ని లూప్‌లో పెట్టండి. సాధారణంగా అది చివరి పల్లవి అవుతుంది. లిమిటర్ సీలింగ్‌ను, అంటే శబ్దం దాటకూడని హద్దును, మైనస్ 1 దగ్గర ఉంచి, ట్రూ పీక్ మోడ్ (దీని గురించి ఐదో పనిలో) ఉంటే ఆన్ చేయండి. ఇన్‌పుట్ పెంచినంత మేరకు అవుట్‌పుట్ తనంతట తగ్గేలా ముడిపెట్టే సౌకర్యం చాలా లిమిటర్లలో ఉంటుంది. దాన్ని తప్పకుండా వాడండి. లేకపోతే లిమిటర్ తర్వాత ఒక గెయిన్ ప్లగిన్ పెట్టి అదే పని చేత్తో చేయండి.

ఇప్పుడు ఇన్‌పుట్‌ను అర డెసిబెల్ చొప్పున పెంచుతూ పోండి. అవుట్‌పుట్ కూడా అంతే తగ్గుతూ ఉంటుంది కాబట్టి వాల్యూమ్ మారదు, లిమిటర్ చేసే హాని మాత్రమే వినిపిస్తుంది. మొదటి రెండు మూడు డెసిబెల్స్ దాకా ఏ తేడా తెలియకపోవచ్చు. తర్వాత ఒక చోట స్నేర్ దెబ్బ మారుతుంది. అప్పటిదాకా కర్ర చర్మాన్ని తాకిన చురుకు, దాని వెంట గదిలో వ్యాపించిన మోత విడివిడిగా వినిపించేవి. ఇప్పుడు చురుకు మోతలో కలిసిపోయి, అట్టపెట్టె మీద కొట్టినట్టుగా ఉంటుంది. ఇంకో అర డెసిబెల్ పెంచితే కిక్ పడిన ప్రతిసారీ గొంతు చివరి అక్షరం కాస్త కుంగి మళ్లీ పైకి లేస్తుంది. ఆ స్థానాన్ని గుర్తుంచుకుని అక్కడి నుంచి ఒకటి లేదా ఒకటిన్నర డెసిబెల్ వెనక్కి రండి. మీ పాట తనను తాను పోగొట్టుకోకుండా మోయగలిగిన లౌడ్‌నెస్ అదే.

మీటర్ చూడాల్సింది ఇప్పుడు, అంతకుముందు కాదు. ఒక గొంతు, ఒకటి రెండు వాయిద్యాలతో సాగే పాట ఇలా చేసినప్పుడు నా అనుభవంలో మైనస్ 16 నుంచి మైనస్ 12 మధ్య ఆగుతుంది. దట్టమైన రాక్, ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం మైనస్ 10, మైనస్ 8 దాకా హాయిగా వెళ్లగలవు, ఎందుకంటే ఆ బిగువు వాటి స్వభావంలోనే ఉంది. మీ పాట మైనస్ 11 దగ్గర ఆగితే దాన్ని బలవంతంగా మైనస్ 14కు దించాల్సిన పనీ లేదు, మైనస్ 8కి ఎక్కించాల్సిన పనీ లేదు.

లిమిటర్ తగ్గించిన వాల్యూమ్‌ను తిరిగి వదిలే వేగం, అంటే రిలీజ్, గురించి ఒక మాట. మరీ వేగంగా ఉంటే బేస్ స్వరాలు చిరుగుతున్నట్టు వినిపిస్తాయి, మరీ నెమ్మదిగా ఉంటే ఒక దెబ్బకు తగ్గిన వాల్యూమ్ తర్వాతి దెబ్బ దాకా తేరుకోదు. సందేహం ఉన్నప్పుడు లిమిటర్‌లోని డెల్టా బటన్ నొక్కి, అది తీసేస్తున్న శబ్దాన్ని మాత్రమే వినండి. చిన్న చిన్న టకటకలు మాత్రమే వినిపిస్తే మంచిదే. అందులో పాట మాటలు అర్థమవుతున్నాయంటే లిమిటర్ గొంతును కొరికేస్తోందన్నమాట.

ఐదో పని: ట్రూ పీక్ చూసుకోండి

డిజిటల్ ఫైల్‌లో ఉండేవి శాంపిల్స్ అనే చుక్కలు. వాటిని తిరిగి అవిచ్ఛిన్నమైన తరంగంగా మార్చినప్పుడు రెండు చుక్కల మధ్య తరంగం చుక్కల కన్నా ఎత్తుకు లేవవచ్చు. శాంప్లింగ్ రేట్‌లో నాలుగో వంతు ఫ్రీక్వెన్సీ ఉన్న సైన్ తరంగాన్ని తీసుకుంటే, చుక్కలు శిఖరానికి రెండు వైపులా పడినప్పుడు అసలు శిఖరం మీటర్ చూపినదాని కన్నా 3 డెసిబెల్స్ పైన ఉంటుంది. అందుకే ట్రూ పీక్ మీటర్ శబ్దాన్ని నాలుగు రెట్లు ఓవర్‌శాంపిల్ చేసి, అంటే చుక్కల మధ్య మరిన్ని చుక్కలను లెక్కగట్టి, కొలుస్తుంది. ఎంపీ3, ఏఏసీ వంటి కంప్రెస్డ్ ఫార్మాట్లలోకి మార్చినప్పుడు పీక్‌లు మళ్లీ పెరుగుతాయి. పాట ఎంతగా నొక్కబడి ఉంటే అంత ఎక్కువగా పెరుగుతాయి. స్పాటిఫై తన సూచనల్లో ట్రూ పీక్ మైనస్ 1 కన్నా కింద ఉండాలనీ, మైనస్ 14 కన్నా బిగ్గరగా ఉన్న మాస్టర్‌కు మైనస్ 2 కన్నా కింద ఉంచడం మేలనీ చెప్పడానికి కారణం ఇదే. మీరు స్వయంగా మాస్టర్‌ను ఒకసారి ఏఏసీలోకి మార్చి, దాన్ని తిరిగి సెషన్‌లోకి తెచ్చి ట్రూ పీక్ కొలిచి చూడండి. సున్నా దాటితే సీలింగ్‌ను ఇంకాస్త దించండి.

స్ట్రీమింగ్ సేవలు మీ పాటను ఏం చేస్తాయి

పాటల లౌడ్‌నెస్‌ను సమం చేసే నార్మలైజేషన్ ఆన్‌లో ఉన్నప్పుడు స్ట్రీమింగ్ సేవలు పాటలను తమ స్థాయికి దించుతాయి, కొన్ని సేవలు పెంచుతాయి కూడా. స్పాటిఫై సాధారణ సెట్టింగ్ మైనస్ 14. యూట్యూబ్ కూడా మైనస్ 14కే దించుతుంది, కానీ అంతకన్నా తక్కువ లౌడ్‌నెస్ ఉన్నదాన్ని పెంచదు. యాపిల్ మ్యూజిక్‌లో ఇదే పని చేసే సౌండ్ చెక్ మైనస్ 16 దగ్గర పనిచేస్తుంది.

ఒక లెక్క వేసి చూడండి. ఒక పాట మైనస్ 8 ఎల్‌యూఎఫ్‌ఎస్, పీక్ మైనస్ 1. దాన్ని మైనస్ 14కు తేవడానికి 6 డెసిబెల్స్ తగ్గిస్తారు, పీక్ మైనస్ 7కు పడిపోతుంది. ఇంకో పాట మైనస్ 13, పీక్ మైనస్ 1. దాన్ని 1 డెసిబెల్ మాత్రమే తగ్గిస్తారు, పీక్ మైనస్ 2 దగ్గర ఉంటుంది. శ్రోతకు రెండు పాటల లౌడ్‌నెస్ సమానమే, కానీ రెండో పాటలో డ్రమ్స్ 5 డెసిబెల్స్ ఎక్కువ ఎత్తుకు ఎగురుతాయి. మొదటి పాట కోసం చేసిన నొక్కుడంతా వాల్యూమ్ రూపంలో వెనక్కి పోయింది, దాని వల్ల జరిగిన హాని మాత్రం ఫైల్‌లో మిగిలిపోయింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మైనస్ 18 దగ్గర ఉండి పీక్ మైనస్ 3 ఉన్న పాటను స్పాటిఫై సాధారణ సెట్టింగ్‌లో మైనస్ 14 దాకా పెంచలేదు. పీక్‌కు పైన ఒక డెసిబెల్ ఖాళీ ఉంచాలి కాబట్టి 2 డెసిబెల్స్ పెంచి మైనస్ 16 దగ్గర ఆగుతుంది. నార్మలైజేషన్ ఆఫ్ చేసుకుని వినేవారూ, ఫైల్‌ను డౌన్‌లోడ్ చేసుకుని వినేవారూ కూడా ఉంటారు. అందువల్ల ఈ అంకెలు లక్ష్యాలు కావు. మీ మాస్టర్ అక్కడికి చేరాక ఎలా వినిపిస్తుందో ముందే వినడానికి పనికొచ్చే ఆధారాలు మాత్రమే. మాస్టర్‌ను మైనస్ 14కు దించి, అదే స్థాయికి దించిన రిఫరెన్స్‌తో ఒకసారి పోల్చి వినండి. అక్కడ మీ పాట చిన్నగా, చదునుగా అనిపిస్తే నాలుగో పనికి తిరిగి వెళ్లండి. ప్రసారానికి వెళ్లే పనికి మాత్రం అంకె నిబంధనే: యూరప్ ప్రసార సంస్థల సంఘం 2010లో తెచ్చిన ఆర్ 128 ప్రకారం కార్యక్రమం మైనస్ 23 దగ్గర ఉండాలి.

ఆల్బమ్ అయితే

ఆల్బమ్‌లోని పాటలన్నిటినీ ఒకే ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు చేర్చడం పెద్ద పొరపాటు. గిటార్‌తో మెల్లగా పాడిన పాట, పూర్తి బ్యాండ్ వాయించిన పాట రెండూ మైనస్ 11 దగ్గర ఉంటే, మెల్లగా పాడిన గొంతు చెవిలో అరిచినట్టు ఉంటుంది. ముందుగా ఆల్బమ్‌లో అన్నిటికన్నా బిగ్గరగా ఉండాల్సిన పాటను పూర్తి చేసి, మిగిలిన వాటిని దాని పక్కన పెట్టి గొంతు స్థాయి ఆధారంగా సర్దండి. ఒక పాట చివరి పది సెకన్లు, తర్వాతి పాట మొదటి పది సెకన్లు వరుసగా వింటూ వెళితే నాబ్ ముట్టుకోవాలనిపించే చోటు వెంటనే తెలుస్తుంది. ఆల్బమ్‌ను వరుసగా వింటున్నప్పుడు స్పాటిఫై ఆల్బమ్ మొత్తానికి ఒకే సవరణ చేస్తుంది కనుక, మీరు కుదిర్చిన ఈ ఎత్తుపల్లాలు శ్రోతకు అలాగే చేరతాయి.

ఆఖరి పనులు

శాంప్లింగ్ రేట్ మార్చాల్సి ఉంటే లిమిటర్‌కు ముందే మార్చండి, ఎందుకంటే ఆ మార్పిడి కూడా పీక్‌లను కదిలిస్తుంది. 16 బిట్‌కు దించాల్సి వస్తే, ఆ తగ్గింపు వల్ల వచ్చే వికృతిని కప్పడానికి కలిపే సన్నని నాయిస్ అయిన డిథర్‌ను వరుసలో అన్నిటికన్నా చివర, ఒక్కసారి మాత్రమే వేయండి. స్ట్రీమింగ్‌కు 24 బిట్ ఫైల్‌ను తీసుకునే చోట 24 బిట్‌నే ఇవ్వండి.

ఆ తర్వాత ఒక రాత్రి గడవనిచ్చి, ఎగుమతి చేసిన ఫైల్‌ను స్క్రీన్ ఆర్పేసి మొదటి నుంచి చివరి దాకా వినండి: ఒకసారి గుర్తు దగ్గర, ఒకసారి పక్కవారితో మాట్లాడగలిగేంత తక్కువ వాల్యూమ్‌లో, ఒకసారి ఫోన్ స్పీకర్‌లో. తక్కువ వాల్యూమ్‌లో మాటలు అర్థం కాకపోతే లోపం లౌడ్‌నెస్‌ది కాదు, మధ్య ఫ్రీక్వెన్సీలదో గొంతు స్థాయిదో అయి ఉంటుంది. మార్పు అవసరమైన క్షణాలను కాగితం మీద నిమిషం, సెకనుతో సహా రాసుకోండి, పాటను మధ్యలో ఆపకండి.

అన్నీ సరిపోయాక ఫైల్ పక్కన చిన్న నోట్ రాసి పెట్టండి: ఇంటిగ్రేటెడ్ లౌడ్‌నెస్, పల్లవి దగ్గర గరిష్ఠ షార్ట్ టర్మ్, ట్రూ పీక్, లిమిటర్ ఇన్‌పుట్ ఎంత పెంచారు, శాంప్లింగ్ రేట్, రిఫరెన్స్ పాటలను ఎన్ని డెసిబెల్స్ తగ్గించి విన్నారు. నెల తర్వాత ఒక్క మాట మార్చి పాడిన కొత్త మిక్స్ మీ చేతికి వచ్చినప్పుడు, ఇదే లౌడ్‌నెస్‌కు పది నిమిషాల్లో తిరిగి రావడానికి ఆ నోటే ఆధారం.